ఒంటి చెప్పు అడుగులు

…అదే వదినా, ఇంత సాగదీస్తున్నానని ఏమనుకోకు, ముందు సంగతి తెలీకపోతే దాని భయం నీకు అర్థం కాదు. మన కాలర్లక్క పదహారేళ్లు బట్టల ఫ్యాక్టరీలో ఒట్టి కాలర్లే కుట్టింది కదా. ఆ ఉద్యోగం మానేసి, చిరుగులూ జిప్పులూ బాగుచేసే షాపు పెడదామని బస్టాండు వీధిలో ఒక గది చూసుకుంది. చూసుకున్నప్పట్నుంచీ తిండి సయించలేదు.

ముందు జనం వస్తారో రారో కనుక్కోవాలిగా? నోటుపుస్తకం పట్టుకుని తిరిగింది. తిరిగి ఎవరి దగ్గరికెళ్లింది? తోడికోడలు, పక్కింటివాళ్లు, ఫ్యాక్టరీలో పక్క మిషనువాళ్లు. "షాపు పెడితే వస్తారా?" అంటే మొహం మీద రామని ఎవరంటారు? నలభై మంది, నలభై "తప్పకుండా"లు. అన్ని తప్పకుండాలు చూసేసరికి అవన్నీ మొహమాటానివేనని దానికే తెలిసిపోయింది.

ఆ గది ముందు చెప్పులు కుట్టే పెద్దాయన నవ్వాడు. "నోటి మాట ఏం రాసుకుంటావమ్మా, కాళ్లు చూడు."

ఆ వీధి దుమ్ములో రేపటి అడుగులు ఇవాళే పడతాయి కదా, ఊడ్చేవాళ్లు కూడా ఆ గుర్తులు చెరపకుండా చుట్టూ ఊడ్చుకుని పోతారు. అక్క మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టింది. మూడొందల పైచిలుకు జతలు, అన్నీ బస్సు వైపే, ఉరుకులు పరుగులు. గది వైపు ఒక్క బొటనవేలు తిరగలేదు. పెద్దాయన పెట్టె దగ్గర మాత్రం కొన్ని కదలకుండా నిలబడున్నాయి. ఒకటి చెప్పు గుర్తు, ఇంకోటి ఉత్త పాదం.

"వీళ్లేంటి బాబాయ్, ఒంటి చెప్పుతో?"

"రెండోది నా చేతిలో ఉంటుంది కదమ్మా. కుట్టేదాకా ఎక్కడికి పోతారు?"

రేపు గది అద్దె కాగితాల మీద సంతకమనగా సాయంత్రం చూస్తే తన అడుగులే కనపడ్డాయి. ఎడమ మడమ అరిగిన చెప్పు, పొరపాటుండదు. గడప దాకా వెళ్లాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. ఆ పైన చూడలేక ఇంటికొచ్చి మంచమెక్కేసింది.

"నేను పారిపోతానండీ. ఉద్యోగమూ పోయె, షాపూ లేకపాయె," అంది మొగుడితో.

"నీ కాళ్లేగా, నీ మాట వినవా?" ఆయనకి అన్నీ వెటకారమే.

మర్నాడు ఓనరు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఒక్కో పాదం తన గుర్తులోనే పెట్టుకుంటూ వెళ్లింది. ఆగింది. తిరిగింది. ఆ అడుగులు ఇంటివైపు పోలేదు వదినా. సరిగ్గా ఆరడుగులేసి పెద్దాయన పెట్టె పక్కన ఆగాయి, ఒక పాదం కాస్త ముందుకి, ఒకటి వెనక్కి, మిషను తొక్కేటప్పుడు పెట్టినట్టు.

"ఏమ్మా, సంతకం?" అన్నాడు ఓనరు.

"గది వద్దండీ," అంది. "బాబాయ్, కాస్త జరుగుతావా?"

ఇప్పుడు ఒంటి చెప్పువాళ్లు ఊరికే నిలబడరు, ఊడిన గుండీ, పాడైన జిప్పూ తీసి దాని చేతిలో పెడతారు. అయినా భయం పోలేదులే, రోజూ రేపటి అడుగులు చూసుకోందే మిషను మీంచి లేవదు. నిన్న చూస్తే వాటిలో… ఆఁ, వస్తున్నానక్కా! అదిగో, పిలుస్తోంది, నా అడుగులు నిన్నట్నుంచీ దాని మిషను ముందున్నాయట, ఇంకా రాలేదేంటని—