పెన్సిల్‌తో పూడ్చిన నెర్రె

జహీరాబాద్ బజారులో ఇస్హాక్ స్టూడియోకి జనం వచ్చేది కెమెరా కోసం కాదు, పెన్సిల్ కోసం. నెగటివ్‌ని కిటికీ పక్కన అద్దపు బల్ల మీద పరిచి, సూదిలా చెక్కిన మొనతో ఆనీ ఆననట్టు చుక్కలు పెట్టేవాడు. అమ్మవారి మచ్చలు, కళ్ల కింద ముడతలు ఆ చుక్కల కింద మాయమయ్యేవి. కోహీర్ రోడ్డు మీది ఎర్రరాయి గనిలో పనిచేసే సంగమ్మకు నుదుటి మీద కొడవలి గాటు ఉంది. ఆమె పెళ్లి ఫోటోలో మాత్రం లేదు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో మదన్‌మోహన్ అనే భూగర్భ శాస్త్ర అధికారి ఆ గనికి వచ్చాడు. గనిలో నిలువునా కోసిన రాతిగోడకు ఎదురుగా, గుంత అవతలి గట్టున ఒక మేకు పాతించాడు.

"వానలు పడ్డాక ఇక్కడే నిలబడి గోడ ఫోటో తీసి పంపించు. గోడ పక్కన గడ్డపార నిలబెట్టు. ఎత్తు తెలియాలి" అని వెంట తెచ్చుకున్న ఇస్హాక్‌కి చెప్పి జీపెక్కాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు.

వానలు పడ్డాయి. ఇస్హాక్ వెళ్లాడు, పెళ్లికొడుకు పక్కన తోడిపెళ్లికొడుకులా గడ్డపారను నిలబెట్టి ఫోటో తీశాడు. నెగటివ్ కడిగి చూస్తే గోడ పైనుంచి నడుము దాకా ఒక గీత. నీళ్లు కారిన చార అనుకున్నాడు. పెద్దాఫీసుకు పోయే ఫోటో ఇంత వికారంగా ఉంటే తన పేరేం కాను? పెన్సిల్ చెక్కాడు.

కొన్నాళ్లకు గని గుత్తేదారు చెన్నబసప్ప పేడాల పొట్లంతో నవ్వుకుంటూ వచ్చాడు.

"నీ పుణ్యాన బతికిన ఇస్హాక్. నెర్రె తెరుసుకుంటె పని బంద్ పెట్టమంటనని అన్నడు గా ఆఫీసర్. ఫోటోల నెర్రె జాడనే లేదట. కోసుకోండ్రి అని కాగితం అచ్చింది. పొద్దుగాలనే గనిల దింపిన అందర్ని."

"ఏం నెర్రె సావుకారు?"

"ఎండకాలం ఎంట్రుకంత ఉండె. దానికోసమే గద ఫోటో తీపిచ్చింది. నీకు ఎరుక లేదా?"

పేడాల పొట్లం బల్ల మీదే వదిలేశాడు. ఇస్హాక్ కెమెరా భుజాన వేసుకుని సైకిలెక్కాడు.

గనిలో గోడ కింద ఆడామగా రాళ్లు కోస్తున్నారు. కింద నిలబడి చూస్తే పైనంతా తుప్పలే, నెర్రె కనబడదు. ఇస్హాక్ గట్టు మీదనుంచే అరిచాడు. "బయటికి రాండ్రి. గోడ పగిలింది."

"ఫోటోల మంచిగనే ఉన్నదట గద భాయ్" అన్నాడొకడు, సుత్తె ఆపకుండానే. "నువ్వే తీసినవ్, నువ్వే కాదంటివి."

ఇస్హాక్ గుంతలోకి నాలుగడుగులు దిగి, సంగమ్మ ముఖం చూసి, "నీ నుదుటికి చేసినట్టే చేసిన చెల్లె. గోడక్కూడ" అన్నాడు.

సంగమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయింది. తర్వాత గడ్డపారను గోడకు ఆనించి, పక్కనున్న ఆడమనిషి రెక్క పట్టుకుని గట్టు వైపు లాగింది. "నడువ్. ఈయన తీసేస్తె ఎట్ల తీసేస్తడో నాకెరుక."

వెనకే మిగతావాళ్లూ వచ్చారు. మేకు దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే నెర్రె కనిపించింది. చెయ్యి పట్టేంత.

అంతలో మోటార్‌సైకిల్ మీద చెన్నబసప్ప వచ్చాడు. చూశాడు. "అది నీళ్లు కారిన చార" అన్నాడు.

"నేను గూడ అట్లనే అనుకుని పెన్సిల్‌తోని పూడ్చిన" అన్నాడు ఇస్హాక్.

"కాగితం ఉంది నా దగ్గర. ఇయ్యాల ఏం కాకుంటె రేపు మళ్ల దింపుత." గుత్తేదారు గొంతు తగ్గించాడు. "నువ్వు దిద్దినవని ఊరికి తెలిస్తె, రేపటికెళ్లి నీ దుకాణం మెట్లు ఎవడన్న ఎక్కుతడా? జర సోంచాయించుకో."

"ఇంకో ఫోటో తీస్త. నేనే పట్టుకపోయి ఆఫీసర్ చేతుల పెట్టి, చేసింది చెప్త."

"ఈపారి ఏం రుద్దకు భాయ్" అంది సంగమ్మ. ఆ మాటలో నవ్వు లేదు.

సన్నటి తుంపర మొదలైంది. ఇస్హాక్ కొంగు అడిగితే సంగమ్మ కెమెరా మీద పట్టింది. కెమెరా అద్దంలో ఎర్రగోడ; దాని కింద ఆమె వదిలి వచ్చిన గడ్డపార ఒక్కటే నిలబడి ఉంది. వాన తెరలో నెర్రె మసకబారుతోంది. ఇన్నేళ్లూ గీతలన్నిటినీ పూడ్చిన మనిషికి, ఇది ఇంకాస్త తెరుచుకుంటే బాగుండును, ఫోటోలో తేటగా పడేది అనిపించింది. తెరుచుకుంటే గోడ కూలడమేనని మరుక్షణం గుర్తొచ్చింది. వేలు మీట మీదే ఉంచి, వాన తెరిపి ఇచ్చేదాకా చూస్తూ నిలబడ్డాడు.