వేరు నుంచి రాసిన దారి

బైరికి ఊళ్ళో దీవుల రేడియో ఆఫీసు తలుపు రోజూ తీసేది తబేరానే. ఏడున్నరకల్లా వచ్చి, గడప ముందు ఇసుక ఊడ్చి, కెటిల్‌లో నీళ్ళు పెట్టి, వెనకగదిలో ఉన్న కంప్యూటరు ముందు కూర్చునేది. నలభై ఏళ్ళ టేపులు ఆ గదిలో ఉన్నాయి. ఏ దీవిలో ఎవరు పాడిన పాట, ఏ ఊరి పెద్ద చెప్పిన కబురు, ఏ పెళ్ళికి ఎవరు చదివిన దీవెన, అన్నీ ఒక్కొక్కటే వింటూ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని.

ఆ యంత్రంలో బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. ఒక ఊరి ఫోల్డరులోకి వెళ్ళాలంటే దీవి పేరు కొట్టాలి, తర్వాత గీత, తర్వాత ఊరు, మళ్ళీ గీత, తర్వాత ఏడాది, నెల. మధ్యలో ఒక్క అక్షరం పోయినా 'అలాంటిది లేదు' అని మొహం మీదే చెప్పేస్తుంది. తబేరా కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. రేవు మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచీ అంతే. సాయంత్రానికి ఆ వేళ్ళు ఉప్పులో ఊరిన దుంపల్లా ఉబ్బేవి.

ఇయోతేబా అనే కుర్ర ఇంజనీరు అబయాంగ్ దీవి నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన వారానికి ఆమె వెనక నిలబడి చూశాడు.

"అక్కా, రోజూ ఇంత పొడుగు పేరు ఎందుకు కొడుతున్నావు?"

"కొట్టకపోతే లోపలికెలా పోతాను తమ్ముడూ? ఎగిరా?"

"ముద్దుపేరు పెట్టుకో. మీ ఊళ్ళో పిల్లలకి బారెడు పేర్లు పెట్టి ఇంట్లో ఏమని పిలుస్తారు? ఇదీ అంతే. మయానా దీవికి 'మ్న్' అను. రెండక్షరాలు. దానికర్థం ఇదీ అని ఒక్కసారి చెప్పావంటే ఇక అది మర్చిపోదు."

మర్నాటికి మర్చిపోయింది. పేరు కొడితే 'అలాంటిది లేదు' అంది. ఇయోతేబా నాలిక్కరుచుకున్నాడు. "నోటి మాటగా చెప్తే ఆ పూటకే అక్కా. పొద్దున్నే లేవగానే అది చదువుకునే ఫైలు ఒకటుంటుంది. అందులో రాసిపెట్టాలి" అని చూపించాడు. తబేరా రాసింది. 'మ్న్' నిలిచింది.

ఆ మధ్యాహ్నమే మయానా వెళ్ళాల్సిన నర్సమ్మ ఒకావిడ పడవ కోసం ఎదురుచూస్తూ ఆఫీసు ముంగిట కూర్చుని, కిటికీలోంచి తెర మీదున్న 'మ్న్'ని ఊరికే పైకి చదివింది. చదివి లేచి రెండడుగులు వేసేసరికి మయానా ఆసుపత్రి గుమ్మంలో ఉంది. సంచీ ఇక్కడే మర్చిపోయానని అక్కణ్ణించి ఫోన్ చేసింది. దానికెవరూ ఆశ్చర్యపోలేదు. దారి దగ్గరైతే నడవడమే కదా. ఆ నెల నుంచి టీచర్లూ, పోస్టు మనిషీ, చర్చికి పాటలు నేర్పే ఆయనా అందరూ ఆ ముంగిట నిలబడి తబేరా పెట్టిన పేర్లు చెప్పుకుంటూ వెళ్ళేవారు. పడవల వాళ్ళు ఒక వారం సణిగారు. తర్వాత వలలు తీసుకుని చేపలకి పోవడం మొదలెట్టారు.

తబేరాకి ఒరిగింది మాత్రం వేరు. ఆమె ఇల్లు ఉప్పునీటి లగూన్ అవతల, ఉత్తరపు కొసన ఉన్న బువారికిలో. అయిదేళ్ళపాటు సోమవారం వచ్చి, బైరికిలో పినతల్లి కూతురింట్లో పడుకుని, శనివారం పడవెక్కి ఇంటికి వెళ్ళేది. బువారికికి 'బ్వ్' అని పేరు పెట్టుకున్న రోజు సాయంత్రం అయిదుంపావుకి ఇంట్లో ఉంది. మొగుడు బౌరో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చేప కాలుస్తున్నాడు.

"ఇవాళ బుధవారమేగా?" అన్నాడు అనుమానంగా.

"బుధవారం ఇంటికి రాకూడదా?"

"రావొచ్చు. ఒక్క చేపే కాల్చాను."

ఆ ఒక్క చేపనీ ఇద్దరూ తిన్నారు. ఆ రాత్రి ప్రార్థనలో తబేరా ఇయోతేబా పేరు చెప్పి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత ఏ రాత్రీ మానలేదు.

బౌరో మాత్రం ఆ పేర్ల జోలికి పోలేదు. "అడ్డదారులు తొక్కే వంశం కాదు మాది. మా తాత నక్షత్రాలు చూసి నొనౌతీ దీవి దాకా వెళ్ళొచ్చాడు" అనేవాడు. "మీ తాతకి నలభై గుర్రాల ఇంజను లేదు, అది చెడిపోయే బాధా లేదు" అనేది తబేరా.

మార్చిలో ఒక సోమవారం తెల్లవారగానే బౌరో చేపలకి వెళ్ళాడు. సాయంత్రానికి రాలేదు. మంగళవారం పక్క ఊళ్ళ పడవలు వెతికాయి. బుధవారం గస్తీ ఓడ వెతికింది, విమానం ఒకటి రెండు చుట్లు తిరిగింది. గాలి పడమటికి, ప్రవాహం పడమటికి. పడమట వెయ్యి మైళ్ళ దాకా నీళ్ళు తప్ప ఏమీ లేవు. రేడియోలో పూటపూటా చదివారు: తెల్ల పడవ, పక్కన నీలం గీత, ఒక్కడే మనిషి.

గురువారం పొద్దున తబేరా పడవలో ఆఫీసుకొచ్చింది. ఇంట్లో కూర్చుంటే గోడ గడియారం చప్పుడు భరించలేకపోయింది. ఆ గడియారంలో బ్యాటరీలు బౌరో పడవ రేడియోలోవి. ఆదివారం తనే అందులోంచి తీసి గడియారంలో పెట్టింది.

ఇయోతేబా ఆమెని చూడగానే లేచాడు. టీ కలిపి చేతిలో పెట్టాడు.

"తమ్ముడూ, ఆయన ఎక్కడో ఉండి 'బ్వ్' అంటే ఇంటికి రాడా?"

"ఎలా రాశావో చూడనీ." ఫైలు తెరిచి చదివాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇక్కణ్ణించి ఒక మెట్టు పైకి, అక్కణ్ణించి పక్కకి, తర్వాత కిందికి అని రాశావక్కా. ఈ ముంగిట నిలబడ్డవాళ్ళకే పనికొస్తుంది. సముద్రంలో ఉన్నవాడు ఒక మెట్టు పైకి అంటే ఎటు పోతాడు?"

"ఆయనెక్కడున్నాడో తెలిస్తే అక్కణ్ణించే రాసేదాన్ని కదరా!" అంది తబేరా.

"తెలియక్కర్లేదు" అన్నాడు ఇయోతేబా మెల్లిగా. "అన్ని ఫోల్డర్లకీ మొదట్లో ఒక వేరుంది. ఆ వేరు దగ్గర మొదలుపెట్టి నీ ఇంటిదాకా పూర్తిగా రాయి. అప్పుడు పిలిచేవాడు ఎక్కడున్నా ఒకటే. మనకి తెలియాల్సింది మీ ఇల్లెక్కడో, అంతే."

తబేరా ఉబ్బిన వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. వేరు. దీవి. ఉత్తరం. బువారికి. చివర గీత కొట్టాక ఆగింది.

"కానీ ఆయనకి పేరు తెలియదు. ఒక్కనాడూ అడగలేదు. రేడియోలో చెబుదామంటే బ్యాటరీలు లేవు."

ఇయోతేబా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అక్కా, బావ తనంతట తాను తప్పకుండా అనే మాట ఏదైనా ఉందా?"

తబేరా ఆలోచించింది. ప్రార్థన? ఆదివారం తప్ప చెయ్యడు. తల్లి పేరు? ఆమె పోయాక ఎత్తలేదు. ఇంజన్ని తిట్టే తిట్టుంది కానీ అది యంత్రంలో రాయకూడదు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో రోజుకి నూరుసార్లు ఆ మనిషి నోట వినే మాట ఒక్కటే. ఆకలేస్తే అదే, కత్తి కనపడకపోతే అదే, కలలో ఉలిక్కిపడితే అదే.

"నేయ్‌కో" అంది.

ఇయోతేబా జుట్టు పీక్కున్నాడు. నేయ్‌కో అంటే ఏమేవ్ అన్నట్టు. ముప్ఫై మూడు దీవుల్లో ప్రతి మగాడూ పెళ్ళాన్ని పిలిచే మాట. ఏ ఆడమనిషినైనా ఎవరైనా అలాగే పిలుస్తారు.

"అక్కా, వాడుకలో ఉన్న మాటని ముద్దుపేరుగా పెట్టకూడదు. పెడితే ఆ మాట తన పాత పని మానేసి ఈ పనే చేస్తుంది. అన్నవాళ్ళందరూ మీ పెరట్లో పడతారు."

"పడనీ" అంది తబేరా. ఫైల్లో రాసింది. దాచింది. మళ్ళీ తెరిచి, ఉందో లేదో చూసుకుంది. తర్వాత ముంగిట్లోకి వచ్చి 'బ్వ్' అని ఇంటికెళ్ళింది.

అప్పటికే పెరట్లో ముగ్గురున్నారు. అబయాంగ్ నుంచి కల్లు గీసేవాడు, నడుముకి కత్తి, చేతిలో సగం నిండిన సీసా. బెతియో ఊరి పోలీసు ఒకడు, ఒక బుగ్గ మీదే గెడ్డం గీసుకుని, మరో బుగ్గ మీద నురగతో. బస్సు కండక్టరు ఒకడు, "ఒక ముసలమ్మని జరగమన్నానంతే" అని వాపోతూ. తర్వాత బడి పంతులమ్మ వచ్చింది. తర్వాత తబితేవుయా నుంచి అన్నదమ్ములిద్దరు, ఇద్దరూ ఒకేసారి. చేతిలో సెలైను సంచీతో మయానా మెడికల్ అసిస్టెంటు వచ్చాడు. పేషెంటుని "నేయ్‌కో, చెయ్యి ఇలా చాపు" అన్నాడట.

"ఎవరమ్మా ఈ పేరు పెట్టింది?" అని పోలీసు గదమాయించాడు. "నా పెళ్ళాం కాఫీ తెస్తుంటే ఇక్కడ పడ్డాను."

తబేరా చెప్పింది. నాలుగు రోజులైందని చెప్పింది. బ్యాటరీల సంగతి కూడా చెప్పింది.

పోలీసు నురగ తుడుచుకుని బుయా అరుగు మీద కూర్చున్నాడు. "అయితే ఉంటాను" అన్నాడు. కల్లు గీసేవాడు సీసా అందరికీ తిప్పాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చున్నారు. పదకొండింటికి పద్దెనిమిది మంది అయ్యారు. పంతులమ్మ పొయ్యి రాజేసింది. అన్నదమ్ములు చెట్టెక్కి కొబ్బరికాయలు దింపారు. అవతల రేడియోలో ఇయోతేబా స్వయంగా చదువుతున్నాడు: ఈ ఒక్కరోజుకి దయచేసి అందరూ భార్యల్ని పేరు పెట్టి పిలవండి, పేరు గుర్తులేనివాళ్ళు పక్కింట్లో కనుక్కోండి. ఆ తర్వాత రాక ఆగింది. చాలామంది ఆడవాళ్ళు ఆ పూట తమ పేరు విని ఎవరిదో అనుకున్నారట.

రెండు దాటింది. తబేరా గడప మీద కూర్చుని వంగని వేళ్ళని ఇంకో చేత్తో పట్టుకుని ఉంది.

అప్పుడు పనసచెట్టు కింద బుడబుడమని సముద్రపు నీళ్ళు పొంగాయి. ఆ వెనకే తెల్ల పడవ, పక్కన నీలం గీత, వంటపాక స్తంభాన్ని ఒకదాన్ని విరగ్గొట్టుకుంటూ వచ్చి గులకరాళ్ళ మీద ఒరిగింది. లోపల బౌరో వెల్లకిలా పడి ఉన్నాడు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి.

పద్దెనిమిది మందీ లేచారు. అతన్ని ఎత్తి చాప మీద పడుకోబెట్టారు. మెడికల్ అసిస్టెంటు అప్పటిదాకా నేల మీద పెట్టని సెలైను సంచీని కొమ్మకి తగిలించి, చేతికి సూది గుచ్చాడు. "ఇంకో పూట ఆగితే దక్కేవాడు కాదు" అన్నాడు.

చుక్క చుక్కగా నీళ్ళు దిగాక బౌరో కళ్ళు తెరిచి, ముందు మొహాల గుంపుని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు.

"వీళ్ళంతా ఎవరు?"

"నిన్ను చూడ్డానికొచ్చారు. ఏమన్నావు? సముద్రంలో ఏమన్నావు?"

"ఏమంటాను. కన్నంటుకుంది. ఇంట్లో ఉన్నాననుకున్నాను. మంచినీళ్ళు తెమ్మని నిన్ను పిలిచాను." మెడ పైకెత్తి, "తెచ్చావా?" అన్నాడు.

తబేరా తెచ్చింది. వంగని వేళ్ళ మధ్య గ్లాసు జారి సగం చాప మీద ఒలికింది. పంతులమ్మ కీర్తన ఎత్తుకుంది. పోలీసు ఏడుస్తూ పాడాడు, ఆ ఒక్క బుగ్గ గెడ్డంతోనే. పొద్దువాలే ముందు అందరూ తలో బబాయి దుంప చేతబట్టుకుని పడవల్లో ఇళ్ళకి బయల్దేరారు. ఒక్కరూ విసుక్కోలేదు. తబేరాయే ఒక్కొక్కరి చెయ్యీ కళ్ళకద్దుకుంది.

మర్నాడు ఆ పేరు ఫైల్లోంచి తీసేశారు. నడవగలిగిన రోజున బౌరో బైరికి వచ్చాడు, బస్సులోనూ పడవలోనూ కాదు, బైరికికి వేరు నుంచి రాసిన 'బ్ర్' అనే పేరు తబేరా దగ్గర అడిగి, అది చెప్పుకుని వచ్చాడు. ఇయోతేబా ముందు పెద్ద ట్యూనా చేప పెట్టి, "తమ్ముడూ, మా తాత కూడా ఇంటికి దారి నక్షత్రం నుంచే మొదలెట్టేవాడు, తనున్న చోటు నుంచి కాదు" అన్నాడు. తర్వాత ఉత్తరపు ఊళ్ళ పడవలన్నిటి పేర్లూ చదివాడు. ఒక్కో పడవ మనిషికి ఒక్కో మాట, ఇంకెవరూ అనని మాట, ఇంటి దాకా వేరు నుంచి. తబేరా పక్కన కూర్చుని ఆ నలభై మూడూ రాసింది. ఆ ఏడాది గాలుల కాలంలో ఆరు పడవల ఇంజన్లు ఆగిపోయాయి. ఆరుగురూ భోజనాల వేళకి ఇంట్లో ఉన్నారు.

సంగతి పాకి, ఒకరోజు మరాకేయ్ దీవి నుంచి అకేటా అనే ఆమె వచ్చింది. ఆమె మొగుడు చేపలకి వెళ్ళి మూడేళ్ళయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మాక్కూడా ఒకటి రాస్తావా అక్కా?"

తబేరా ఇయోతేబా వంక చూడలేదు. "రాస్తాను. ఆయన ఏమని పిలిచేవాడు?"

అకేటా మొహం ఒక్కసారి విచ్చుకుంది. "ఈ మూడేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. తాయి అనేవాడు. నన్ను కాదు, మా పెద్దపిల్లని. ఇంట్లో అడుగుపెడుతూనే 'తాయి ఎక్కడ' అనేవాడు."

తాయి అంటే సూర్యుడు. ఎండ గురించి గొణక్కుండా ఆ దీవుల్లో పూట గడవదు. ఇయోతేబా ఇక ఉండబట్టలేక, "అమ్మా, ఆ మాట అందరూ అంటారు. రోజూ ఎవరో ఒకరు మీ వాకిట్లో పడతారు" అన్నాడు.

"పడనీ నాయనా" అంది అకేటా. "మంచినీళ్ళిస్తాను."

తబేరా వేరు దగ్గర మొదలుపెట్టి ఆమె గడప దాకా రాసింది.