సమాధానం పంతులు బరువు

అల్లూరు వైపు కూలీల పల్లెలకు రోడ్లు లేవు. పొలం గట్ల మీదే పోవాలి. సమాధానం పంతులు ఆ గట్ల మీద నడవలేకపోతున్నాడు. పగలు క్రైస్తవ మిషను బడిలో పాఠాలు, సాయంత్రం కూలిసంఘం పని. తినీ తినీ లావెక్కాడు. తిండిపోతని కాదు. ఏ పల్లెకు పోయినా ప్రతి ఇంట్లో అన్నం పెడతారు. వద్దంటే ఆ ఇల్లు చిన్నబోతుంది. తమ ఇళ్లలో మంచినీళ్లు కూడా ముట్టని పెద్దమనుషులను చూసి చూసి ఉన్న జనం వాళ్లు. అందుకని పెట్టిందల్లా తిన్నాడు. మోకాళ్లు వాచిపోయాయి. బరువు తగ్గకపోతే ఇక మంచమేనని డాక్టరమ్మ తేల్చేసింది.

కోతలకు రెండు నెలలే ఉంది. కూలి పెంచందే కొడవలి పట్టబోమని పల్లెపల్లెకూ పోయి చెప్పాలి. పంతులు అవస్థ ఆ పొలాల ఆసామి పద్మనాభయ్య చెవిన పడింది.

"ఎందుకు పంతులూ ఆ పాట్లు? నా బండి పంపిస్తా, ఎక్కిపో" అన్నాడు.

ఆప్యాయంగానే అన్నాడు. ప్రమాదం అందులోనే ఉంది. ఆసామి బండి దిగి ఆసామి మీద సమ్మె చెయ్యమంటే ఎవడు నమ్ముతాడు? సంఘం ఆ రోజుతో సరి.

"నువ్వు ఆ బండెక్కితే నేను పుట్టింటికి పోతా" అన్నది పంతులు భార్య నవోమి.

"మరి తగ్గేదెట్లా మే?"

"అది నాకొదిలెయ్."

ఆ పల్లెల్లో క్రైస్తవుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి గుడికని పక్కన పెడతారు. నవోమి రెండో గుప్పెడు కూడా తీయడం మొదలుపెట్టింది. మొదటిది ప్రభువుకు, రెండోది పంతులు మోకాళ్లకు. రెండూ ఒకే సంచిలో పోసి ఆదివారం గుడిలో ఇచ్చేది. తన అన్నం మాత్రం తగ్గించుకోలేదు. వాచినవి ఆమె మోకాళ్లు కావు కదా.

సంచి లావెక్కడం గుడిలో ఆడవాళ్లు చూశారు. "నవోమమ్మ మొగుడి నోటికాడ కూడు తీసి దేవుడికిస్తా ఉండాది. పాపం, పంతులు పస్తులుంటా ఉండాడు" అనుకున్నారు. మాట పల్లెలన్నీ తిరిగింది. ఇక చూడండి. కోడిగుడ్లు, ఎండుచేపలు, దాచుకున్న నెయ్యి, అన్నీ పంతులు కంచంలోకే. "తినయ్యా, మీ ఆమెకు చెప్పంలే" అని కొసరి కొసరి వడ్డించారు.

"చొక్కా గుండీలు పట్టడంలేదు మే" అన్నాడు పంతులు ఒకనాడు.

"యాడ తింటా ఉండావు?"

"పెట్టినకాడల్లా."

నవోమి ఆరా తీసింది. సంగతి తెలిసి చతికిలబడి నవ్వింది. ఆముదం కాచి అతని మోకాళ్లకు రాస్తూ, "దేవుడికిచ్చిందంతా తిరిగి నీ పొట్టలోకే వచ్చిందే" అన్నది. పంతులు నవ్వలేదు. రేపు రెబెక్కమ్మ దగ్గరికి పోవాలి. కోతల ముఠాకు ఆమే పెద్ద. ఆమె ఊ అంటేనే సమ్మె.

పోయాడు. దారిలో గట్టు మీద జారి బురదలో కూలబడ్డాడు. ఇద్దరు మనుషులు లేపాల్సి వచ్చింది. ఆ బురదతోనే గడపలో నిలబడ్డాడు. రెబెక్కమ్మ అన్నం తింటున్నది. లేచి, పంతులుకని ఇంకో కంచం కడగబోయింది.

"నాకు వేరే కంచం వద్దు రెబెక్కమ్మా. నీ కంచంలోది ఒక ముద్ద పెట్టు."

"ఎంగిలయ్యా."

"తెలుసులే."

రెబెక్కమ్మ కడగబోయిన కంచం పక్కన పెట్టింది. పులుసన్నం కలిపి, చేప ముల్లు తీసి, అరచేతిలో ముద్ద పెట్టింది. పంతులు తిన్నాడు.

"ఇంకోటి?"

"చాలమ్మా. కాళ్లు మొయ్యలేకుండాయి. నీ ఇంట్లో తినలేదని మాత్రం అనుకోబాక."

"అదెట్లా అనుకుంటా? నా కంచంలో తినేదానికి నా కొడుకే గునుస్తాడు" అన్నది రెబెక్కమ్మ. ఆ పూటే ముఠాను పిలిపించింది.

తర్వాత ఏ ఇంటికి పోయినా అదే పద్ధతి. తింటున్నవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల కంచంలోంచి ఒక ముద్ద. ఎవరూ చిన్నబోలేదు. పిల్లలైతే పంతులు కోసం కంచాలు పట్టుకుని కాచుకున్నారు. ఇంట్లో నవోమి మళ్లీ ఒక గుప్పెడే తీసింది. పంతులు ఆకలైతే తిన్నాడు, ఆకలి తీరితే లేచాడు. ఎవరూ తూకం వెయ్యలేదు, కొలవలేదు. పంచె బిగించి కట్టుకోవలసి వచ్చింది. గట్ల మీద కాలు నిలిచింది. పద్మనాభయ్య బండి నిజంగానే వాకిట్లోకి వస్తే, తోలేవాడికి మజ్జిగిచ్చి తిప్పి పంపించాడు.

సమ్మె జరిగింది. కూలి పెరిగింది. "గెలిచినాం కదయ్యా, ఈ పూటన్నా నిండా తిను" అని పల్లెల్లో పట్టుబట్టారు.

"గెలిచింది ఈ కోతకే. వచ్చే కోతకీ నేను నడవాల" అని ముద్దతోనే లేచాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొస్తే నవోమి కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది.

"ఊరందరి కంచాల్లో తింటా ఉండావు. నా కంచం ఏం పాపం చేసింది?"

పంతులు కండువా తీసి పక్కన పెట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను తిని లేచాకే ఆమె తినేది. ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే కంచంలో, మాట్లాడుకుంటూ, మెల్లగా తిన్నారు. చెయ్యి కడుక్కుని లేచాడు.

"యాడికి మళ్లీ?"

"కాల్వ అవతల పల్లెకి. వాళ్లకింకా కూలి పెంచలేదు."

"పొద్దు గూకకముందే రా" అని నవోమి కండువా అందించింది.