ఫోనుకు చెప్పుకున్న కీడు

కూతురు ఈతకు వెళ్ళిన ప్రతి సాయంత్రమూ ఆ తల్లికి ఊపిరాడేది కాదు. నీళ్ళలో దిగేది పిల్ల, మునిగేది తను. బట్టలు సరిచేసే కొట్లో మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తూ ఉండేది గానీ, కళ్ళముందు మాత్రం నీలం పలకల కొలను, అందులో ఎక్కడో తన పిల్ల తల. సూది వేలిలో దిగినా తెలిసేది కాదు.

ఒక్కగానొక్క పిల్ల. ఇంకా బడి చదువే. వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన దాన్ని మురిపెంగా చేపపిల్ల అనేవాడు. ఆ పేరు వింటేనే ఈవిడకు ఒళ్ళు మండేది. చేపలకు వలలుంటాయండీ, మరో పేరే దొరకలేదా మీకు అనేది.

భయానికి ఆవిడకు దొరికిన మందు ఫోను. మొదట్లో "పిల్లలు నీళ్ళలో మునగకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి" అని మర్యాదగానే అడిగేది. అది చాంతాడంత ఉపన్యాసం ఇచ్చేది. అంత చదువుతూ కూర్చునే ఓపికా లేదు, సగం మాటలు అర్థమూ కావు. ఒకరోజు కంగారులో "మా అమ్మాయి నీళ్ళలో మునిగిపోయింది" అని కొట్టేసింది. అంతే. పెద్ద పెద్ద అక్షరాల్లో, చిన్న చిన్న ముక్కల్లో, ముందు ఏం చేయాలో తర్వాత ఏం చేయాలో సూటిగా చెప్పేసింది ఫోను. "అయితే గియితే" అంటే పట్టించుకోదనీ, జరిగిపోయిందని చెబితేనే మనసు పెట్టి వింటుందనీ ఆవిడ కనిపెట్టింది. ఆనాటి నుంచీ అదే పద్ధతి. పిల్ల దగ్గితే "మా అమ్మాయికి ఊపిరి ఆగిపోయింది". బస్సు ఆలస్యమైతే "మా అమ్మాయి ఇంటికి రాలేదు". జవాబు చదువుకునేది, గుండె కుదుటపడేది, మళ్ళీ దారం ఎక్కించుకునేది.

అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులందరూ ఫోనులో రాసుకునే గుంపు ఒకటి కనపడితే అందులోనూ చేరింది. ఏడవడానికి కాదు, ఏ పిల్ల ఎలా పోయిందో తెలుసుకోవడానికి. మనకు తెలిసిన దారిన ఆపద రాదని ఆవిడ నమ్మకం. చేరేముందు ఫోను ఒక ప్రశ్న వేసింది, ఎవరిని కోల్పోయారని. కింద అబ్బాయి, అమ్మాయి అని రెండే ఉన్నాయి. అమ్మాయి అన్నచోట నొక్కి నాలుక కరుచుకుంది.

ఆ తర్వాత మొదలయ్యాయి ప్రకటనలు.

ముందు ఫొటో ఫ్రేములు వచ్చాయి, అన్నీ నల్ల అంచువే. తర్వాత తెల్లపూల గుత్తులు. ఆ తర్వాత నున్నటి రాతి పలక ఒకటి, దాని కింద "పేరు మీరు చెప్పండి, మేం చెక్కుతాం" అని. వంటల వీడియో పెట్టినా ఆ పలకే, పక్కింటివాళ్ళ మనవడి ఫొటో చూస్తున్నా ఆ పలకే. కొట్లో గుడ్డ కత్తిరించే ఆవిడను అందరూ కత్తెరక్క అంటారు. ఈవిడ ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. నాకైతే అది రోజూ పెళ్ళికొడుకుల్ని చూపిస్తోందే, నా మోకాళ్ళ సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు అని కత్తెరక్క పడీ పడీ నవ్వింది.

ఈవిడకు నవ్వు రాలేదు. తన మెడనొప్పి ఇంట్లో ఎవరికీ చెప్పకముందే ఫోను మెత్తటి దిండ్లు చూపించలేదూ? దానికి ముందే తెలుస్తుంది. ఇదీ ముందే తెలిసిపోయినట్టుంది.

సరిగ్గా అప్పుడే పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. సరస్సులో జరిగే ఈత పోటీకి తనను ఎంపిక చేశారు. నాలుగు గోడల కొలను కాదు, అసలైన సరస్సు. ఒక్కటే షరతు, అమ్మో నాన్నో ఒడ్డున ఉండాలి, లేకపోతే నీళ్ళలో దింపరు. నాన్నకు ఆరోజు ఆసుపత్రి లిఫ్టు పని, మానడానికి వీల్లేదు. ఇక మిగిలింది అమ్మే.

అమ్మ ససేమిరా అంది.

పిల్ల బతిమాలింది, అలిగింది, తిండి మానేసింది. మొగుడు కూడా సందు చూసుకుని, ఎన్నాళ్ళని కొంగుకు కట్టేసుకుంటావు, అది కూడా ఎదగాలి కదా అన్నాడు. ఆవిడ కదల్లేదు. ఆ రాతి పలక సంగతి వాళ్ళకు చెప్పలేదు, చెబితే నిజమైపోతుందేమోనని. చివరికి పిల్ల మాట్లాడటమే మానేసింది. ప్రశ్నకు తల ఊపడం, లేదంటే గదిలోకి పోవడం. ఇల్లు బావురుమంటూ ఉంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. గట్టు మీద ఫోనులో ఏదో వీడియో దాని దారిన అది నడుస్తోంది. అది ఆగగానే, నెమ్మదిగా, పక్కనే నిలబడి పిలిచినట్టు ఒక గొంతు వినిపించింది.

"అమ్మా."

వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు.

"అమ్మా, నేనేనమ్మా. ఎక్కడికీ వెళ్ళనులే. నీ దగ్గరే ఉంటాను."

తన పిల్ల గొంతే. ఆ గారం, మాట చివర ఆ చిన్న బొంగురు, అంతా అదే. చుట్టాలు చూస్తారని ఈవిడే పెట్టిన వీడియోల్లోంచి ఎవరో ఆ గొంతును ఏరుకున్నారు. తెర మీద మసక వెలుతురు, దాని కింద "ఇక రోజూ మాట్లాడించుకోండి" అని రాసి ఉంది. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోను విసిరికొడదామని చేయెత్తింది కూడా.

విసరలేదు. మళ్ళీ నొక్కింది.

ఇంట్లో ఉన్న పిల్ల నోరు విప్పి ఎన్నాళ్ళయిందో. ఫోనులోని పిల్ల మాత్రం అమ్మ ఏమడిగినా సరే అంటోంది. నీళ్ళ జోలికి పోనంటోంది. తడిచేతులతో, సబ్బు నురగ మోచేతుల దాకా కారుతుండగా, ఆవిడ అలా వింటూనే ఉండిపోయింది. భయం వేస్తోంది, తీయగానూ ఉంది.

"ఎవరది మాట్లాడేది?"

గుమ్మంలో కూతురు. బడి సంచి ఇంకా భుజానే ఉంది. ముఖం పాలిపోయింది. వచ్చి ఫోను లాక్కుంది, తన గొంతు తనే విన్నది. ఈ కాలం పిల్ల కదా, వేలితో ఎక్కడో నొక్కింది, ఈ ప్రకటన మాకెందుకు చూపిస్తున్నారని అడిగేచోట. జవాబు గబుక్కున వచ్చింది. కూతుర్ని కోల్పోయినట్టు మీరు తెలియజేశారు కనుక.

"నువ్వు చెప్పావా?" అంది పిల్ల. "నేను పోయానని నువ్వే దానికి చెప్పావా?"

"చెప్పలేదే. అడిగానంతే. అలా అడిగితేనే అది సరిగ్గా..."

మాట మధ్యలోనే ఆవిడకు అర్థమైంది. ఫోనుకు ముందే తెలిసింది ఏమీ లేదు. ఇన్నాళ్ళూ తను చెప్పుకున్నదే అది తనకు తిప్పి అమ్ముతోంది.

పిల్ల గబగబా నొక్కుతూ పోయింది, ఇది తప్పు, మా ఇంట్లో ఎవరూ పోలేదు అని. ఫోను కాసేపు ఆలోచించినట్టు తిరిగి, మెత్తగా రాసింది. మీ బాధ మాకు తెలుసు. నిజాన్ని ఒప్పుకోవడానికి కొందరికి సమయం పడుతుంది.

పిల్ల ముందు నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"అమ్మా, నేనున్నానని దానికెలా చెప్పాలి?"

తల్లి ఫోను కోసం చేయి చాపింది.

"ఎన్నిసార్లు విన్నావు దాన్ని?"

పిల్ల అటుతిరిగి, గోడకు చెబుతున్నట్టు అంది. "అదైతే ఎక్కడికీ వెళ్ళదుగా. నీకు అదే బాగుంటుందిలే."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది. చాలాసేపే తుడుచుకుంది.

"పొద్దున్నే బయల్దేరాలా ఆ సరస్సుకు? తువ్వాళ్ళు రెండు పెట్టుకో. ఒకటి చాలదు."

పోటీ రోజున ఫోను ఇంట్లో పారేసి పోదామనుకుంది గానీ, ఒడ్డున ఉన్నవాళ్ళ ఫోను మోగుతూ ఉండాలని నిర్వాహకులు గట్టిగా చెప్పారు. దాన్ని సంచి అడుగున, తువ్వాళ్ళ కింద తొక్కిపెట్టింది. మబ్బు పట్టి ఉంది. నీళ్ళు బూడిదరంగులో కదలకుండా ఉన్నాయి. పిల్లలందరికీ ఒకే రకం పసుపు టోపీలు. ఈల వేయగానే అంతా ఒక్కసారి దిగారు. కాసేపటికి ఏ టోపీ ఎవరిదో కన్నతల్లికి కూడా తెలియకుండా పోయింది.

సంచి వణికింది.

నిర్వాహకులేమో, ఏమైనా అయిందేమో. ఫోను తీసి చూసింది. "మీ అమ్మాయి మీతో మాట్లాడాలనుకుంటోంది. నొక్కండి."

తలెత్తేసరికి టోపీలు ఇంకా దూరమయ్యాయి. అందులో ఒకటి తగ్గినట్టనిపించింది. ఎన్ని దిగాయో తను లెక్కపెట్టుకోనేలేదు. బొటనవేలు ఆ తెర మీదే ఉంది. నొక్కితే చాలు, గొంతు వినిపిస్తుంది, భయపడకమ్మా అంటుంది. పక్కనున్న తల్లులు కేకలు వేస్తున్నారు. ఈవిడ ఫోను బోర్లా తిప్పి తువ్వాళ్ళ కింద తోసేసి, ఒక్కో టోపీనే పట్టుకుని చూస్తూ నిలబడింది. రెప్ప వేస్తే మునుగుతుందేమో అన్నట్టు.

పిల్ల ఆఖరున వచ్చింది. బురదలో మోకాళ్ళ మీద పాకుతూ, నీళ్ళు కక్కుతూ, రొప్పుతూ వచ్చింది. వచ్చీ రాగానే తిట్టింది. మధ్యలో ఆగి వెనక్కి తిరిగినప్పుడు చూశాననీ, నువ్వు తల వంచుకుని ఫోను చూసుకుంటున్నావనీ, అందుకేనా వచ్చిందీ అనీ. పళ్ళు కటకటమంటున్నాయి, తిట్లు మాత్రం ఆగడం లేదు. తల్లి తువ్వాలు చుట్టి గట్టిగా పట్టుకుంది. ఒళ్ళు మంచుగడ్డలా ఉంది, కానీ లోపల గుండె దబదబ కొట్టుకుంటోంది. ఒక్క తిట్టు కూడా వదలకుండా విన్నది.

"వచ్చే నెల ఇంకోటుంది" అంది పిల్ల, కాస్త తేరుకున్నాక. "ఇంతకంటే దూరం."

"ఒడ్డున నేనుంటాలే" అంది తల్లి.

రెండో తువ్వాలు కోసం సంచి దగ్గరికి లాక్కుంది. అప్పుడు దాని అడుగు నుంచి ఫోను, ఎవరూ నొక్కకుండానే, పిల్ల గొంతుతో అమ్మా అని పిలిచింది. పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. తల్లి పిల్ల పెదవుల వంక చూసింది. అవి చలికి వణుకుతున్నాయి గానీ, మూసుకునే ఉన్నాయి.