మరిది ఫోనులో వదిన ఖాతా

ఆ కుట్టుపని ఆవిడ ఖాతాలో చిల్లర కదిలినా ముందు మోగేది ఆవిడ మరిది ఫోను. ఖాతా తెరిచిన రోజున ఆవిడకు ఫోను లేదు. "నా నంబరు ఇచ్చేద్దాంలే వదినా" అన్నాడు అతను. మంచి మనసుతోనే అన్నాడు, కాదనలేం. కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ డబ్బు తీసి కత్తెర కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఉన్న కత్తెరకు ఏమొచ్చిందే?" అని అడిగేది. సొంత కష్టార్జితానికి ఇంటిల్లిపాదీ కాపలా కాస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండదా?

ఇప్పుడు సందు చివర ఒక గది ఖాళీ అయింది. మిషను అక్కడికి మార్చి సొంతంగా కొట్టు పెట్టుకోవాలని ఆవిడ ఆశ. సాయంత్రంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే ఆ గది చెప్పులమ్మే అతనికి పోతుంది. మెసేజ్ మరిదికి వెళ్లిందా, అత్తగారికి తెలిసిపోతుంది. అత్తగారు వద్దన్నారా, నోరులేని మొగుడు తల్లి వైపే తల ఊపుతాడు. అందుకే డబ్బు తీయడానికి ముందు ఖాతాలో తన కొత్త ఫోను నంబరు ఎక్కించుకోవాలి. ఈ సంగతి కూతురికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

బ్యాంకు కౌంటరులోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి తెలుగు రాదు. అందుకని కూతురు ఇంగ్లీషు నేర్పడానికి పూనుకుంది. డిపాజిట్ అంటే వేయడం, విత్‌డ్రాల్ అంటే తీయడం, బ్యాలెన్స్ అంటే మిగిలింది.

"అవి నాకెప్పుడో తెలుసు. ముందు వాక్యాలు చెప్పవే" అంది తల్లి.

పిల్ల ఇస్త్రీ బల్ల వెనక కూర్చుని మేడమ్ అయింది. తల్లి మిషను తొక్కుతూ జవాబులు చెప్పింది. ఒక్కో కుట్టుకు ఒక్కో వాక్యం. కాలు ఆడితేనే ఆవిడకు మాట బుర్రకెక్కేది. తంటా ఏమిటంటే, అవన్నీ ఒకే దారంతో కుట్టినట్టు వరసగా ఎక్కాయి. మధ్యలో ఒకటి కావాలంటే మళ్లీ మొదటినుంచి రావాల్సిందే.

బ్యాంకులో కౌంటరమ్మాయికి ఆ వరసతో ఏం పని? తల ఎత్తకుండానే, "విత్‌డ్రాల్ ఆర్ డిపాజిట్?" అంది.

ఈవిడకు అది మూడో ప్రశ్న. "గుడ్ మార్నింగ్ మేడమ్" అని మొదలుపెట్టింది.

"యెస్, యెస్. విత్‌డ్రాల్ ఆర్ డిపాజిట్?"

"ఐ హావ్ యాన్ అకౌంట్ ఇన్ దిస్ బ్యాంక్."

అమ్మాయి తల ఎత్తి చూసింది. ఆ చూపుకే తర్వాతి వాక్యం ఎగిరిపోయింది. కౌంటరు కింద ఆవిడ కాలు నేలను తొక్కుతోంది, కానీ నేల తిరిగితేగా? వెనక వరసలో చేతిసంచీతో నిలబడ్డ ఒక పెద్దాయన ముందుకు వంగాడు.

"మీరుండండమ్మా, నేను చెప్తా."

"వద్దండీ, నేను..."

ఆవిడ మాట పూర్తికాకముందే ఆయన గడగడా ఏదో ఇంగ్లీషు దంచేశాడు. అమ్మాయి టకటకా మీటలు నొక్కి ఒక చీటీ చేతిలో పెట్టింది. బ్యాలెన్స్! తన ఖాతాలో ఎంతుందో తనకు తెలియకనా, ఇంత దూరం పడి వచ్చింది? అడగని సాయం చేసేవాళ్లను చూస్తే ఆవిడకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. చీటీ మడిచి, కళ్లు మూసుకుని, కాలాడిస్తూ మళ్లీ గుడ్ మార్నింగ్ దగ్గర మొదలుపెట్టి ఆగకుండా లాగింది. "ఐ వాంట్ టు ఛేంజ్ మై మొబైల్ నంబర్" దాకా వచ్చాకే కళ్లు తెరిచింది.

"ఓ! మొబైల్ నంబర్!" అంది అమ్మాయి. గుర్తింపు కార్డు చూసింది, కొత్త నంబరు కొట్టింది. "కోడ్ విల్ కమ్. ఓల్డ్ నంబర్."

పాత నంబరుకు కోడ్ వస్తుందట. ఎవరికి తెలియకూడదని పొద్దుటినుంచీ ఇంగ్లీషు తొక్కిందో, సరిగ్గా ఆ మరిదికే బ్యాంకు ఉప్పందించింది.

అనుకున్నంతా అయింది. చేతిలో ఫోను మోగింది.

"వదినా, నీ ఖాతాలో ఎవరో నంబరు మార్చేస్తున్నారు! నాకు కోడ్ వచ్చింది."

"నేనే మార్చుకుంటున్నా. బ్యాంకులోనే ఉన్నా. ఆ కోడ్ చెప్పు."

"అమ్మో! ఎవరికీ చెప్పొద్దని ఇందులోనే రాశారు. నీ పక్కన ఎవడో నిలబడి నీచేత అనిపిస్తున్నాడు కదూ? భయపడకు. అమ్మను తీసుకుని ఇప్పుడే వచ్చేస్తున్నా."

"అత్తయ్య ఎందుకయ్యా మధ్యలో! కోడ్ చెప్పు!"

"ఎక్స్‌పైర్డ్" అంది కౌంటరమ్మాయి. ఆ మాట కూతురు నేర్పలేదు. నేర్పకపోయినా ఆ అమ్మాయి మొహం చూస్తే తెలిసిపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. కాలు టకటకా ఆడింది. ఫోనులోకి అరవబోతే నోటికి ముందు తెలుగు రాలేదు.

"గుడ్ మార్నింగ్. ఐ హావ్ యాన్ అకౌంట్ ఇన్ దిస్ బ్యాంక్. ది అకౌంట్ ఈజ్ ఇన్ మై నేమ్. ఐ వాంట్ టు ఛేంజ్ మై మొబైల్ నంబర్. థాంక్యూ మేడమ్!"

బ్యాంకంతా అటు తిరిగింది.

"అర్థమైందా? ఖాతా నా పేరు మీద ఉంది. అందులో ఉన్నది నా కష్టం. నా పక్కన ఎవడూ లేడు. మీరెవరూ రావద్దు. ఇంకో కోడ్ వస్తుంది, చదువు."

కౌంటరమ్మాయి మళ్లీ మీట నొక్కింది.

"వదినా," అన్నాడు మరిది, గొంతు చిన్నబోయి. "ఇక నాకు మెసేజ్‌లు రావా?"

"రావు."

"మరి నువ్వేం చేస్తున్నావో నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తే తెలుస్తుంది."

అతను ఒక్కో అంకె నెమ్మదిగా చదివాడు. ఆవిడ ఒక్కో అంకె ఇంగ్లీషులో కౌంటరుకు అందించింది. తర్వాత అడ్వాన్సు డబ్బు అడిగి తీసుకుంది. ఈసారి వరసతో పని పడలేదు, "విత్‌డ్రాల్" అన్న ఒక్క మాట చాలింది.

డబ్బు సంచీలో పెట్టుకుంటుండగా చేతిలో ఫోను గుర్రుమంది. సంచీ పెద్దాయన మళ్లీ వంగాడు.

"ఏదో వచ్చినట్టుంది. ఇలా ఇవ్వండమ్మా, చదివి చెప్తా."

ఆవిడ అరచేతితో ఫోను కప్పేసింది.

"అక్కర్లేదండీ. ఇది నాకొచ్చింది."