తెల్లత్త

మర రోలర్ల మధ్య నుంచి తెల్లటి ముద్ద నెమ్మదిగా దిగుతోంది. ఆమె రేకుబద్దతో దాన్ని గీసి, కొంచెం చూపుడువేలికి రాసుకుని, బొటనవేలితో నలిపి చూసింది. ఇంకా గరుకు తగులుతోంది. మళ్లీ తిప్పాల్సిందే. తట్టలోకి చేరిన ముద్దను ఎత్తి మరలో వేయబోతే కుడి మణికట్టు వాలిపోయింది. ఈమధ్య అది తన మాట వినడం లేదు. ఎడమచేతిని దాని కింద ఆనించి, నిద్రపోతున్న పిల్ల తల ఎత్తినట్టు ఎత్తి పోసింది.

బొమ్మలు వేసేవాళ్లు వాడే నూనె రంగులు తయారుచేసే చిన్న కార్ఖానా అది. ఒక్కో రంగుకి ఒక్కో మూల. తెలుపు మూల ఆమెది. భర్త పోయిన ఏడాది, చంకలో పిల్లవాడితో వచ్చి చేరింది. సీసంతో చేసిన తెల్లటి పొడిని అవిసె నూనెలో కలిపి, మెత్తగా వెన్నలా అయ్యేదాకా నూరడం పని. సాయంత్రానికి కనుబొమలు, పాపిట, బట్టలు అన్నీ పిండి చల్లినట్టయ్యేవి. అందుకే అందరికీ ఆమె తెల్లత్త. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒక క్షణం ఆలోచించుకునేది.

పక్క మూలలో ఎరుపు నూరే ముసలాయన్ని ఎర్రబాబాయ్ అంటారు. ముక్కుకి కట్టుకోమని ఇచ్చిన గుడ్డలు ఇద్దరివీ మేకుకి వేలాడుతూనే ఉంటాయి. కట్టుకుంటే కబుర్లు సాగవు.

"మనిద్దరం ఒకేసారి తుమ్మితే గులాబీ రంగు తయారవుతుందే తెల్లత్తా," అన్నాడు ఆయన. రోజూ అనే మాటే. ఆమె రోజూ నవ్వినట్టే నవ్వింది.

పొద్దెక్కాక పాలు వచ్చాయి. సీసానికి పాలు విరుగుడని పెద్ద యజమాని కాలం నుంచీ తెలుపు నూరేవాళ్లకి గ్లాసెడు పాలు ఇస్తారు. ఆమె ఎప్పుడూ తాగలేదు. ఒకప్పుడు కొడుక్కి పట్టుకెళ్లేది, ఇప్పుడు మనవరాలికి. చేతులు గుడ్డకి తుడుచుకుని, పాలు జాగ్రత్తగా సీసాలో పోసి మూత బిగించింది.

మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. గోదాములో మూటలు మోసే మనిషి, పని వేళలో ఎప్పుడూ ఇటు రాడు. గేటు బయటే నిలబడి ఉన్నాడు. ఆమె పని వదిలి గేటు దగ్గరికి వెళ్లింది. కొన్ని నెలలుగా మనవరాలికి కడుపునొప్పి. తిండి సయించదు. గడగడా మాట్లాడే పిల్ల, నేర్చిన మాటలు కూడా ఒక్కొక్కటే మరిచిపోతోంది. మొన్ననే ఆస్పత్రిలో రక్తం తీసుకున్నారు.

"పాపకేమైందిరా?"

"రక్తంలో సీసం ఉందటమ్మా." అతను నేల చూస్తున్నాడు. "ఇంట్లో ఎవరన్నా రంగుల పని చేస్తారా అని డాక్టరమ్మ అడిగింది."

"ఏం చెప్పావ్?"

"చెప్పానమ్మా."

మర చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. రోజూ సాయంత్రం ఆమె సందు మలుపు తిరగ్గానే పిల్ల పరుగున వచ్చి మోకాళ్లని వాటేసుకుంటుంది. ఆ బట్టల్లోనే ముఖం దాచుకుంటుంది. ఆ ఒళ్లోనే పాలు తాగి నిద్రపోతుంది.

"తగ్గుతుందా?"

"మందులు రాసిచ్చింది. ఇప్పుడే కనిపెట్టాం గనక చాలావరకు తగ్గుతుందంది. అది ఇంక ఇంట్లోకి రాకుండా చూసుకోమంది."

అది అంటే సీసమా, తనా అని ఆమె అడగలేదు. కొడుకు తల గోక్కుంటూ నిలబడ్డాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పమంటే అచ్చం ఇలాగే నిలబడేవాడు. దుకాణానికి పంపితే ఏం తెమ్మన్నదో మరిచిపోయి వట్టిచేతులతో తిరిగొచ్చేవాడు. మొద్దు అని తిట్టేది. వాడూ ఇదే ఒళ్లో పెరిగాడు.

"నిన్ను ఎక్కాలు రావట్లేదని గరిటెతో కొట్టాన్రా," అంది.

ఆ మాట అతనికి అందడానికి కాస్త సమయం పట్టింది. "పోన్లేమ్మా. మూటలు మొయ్యడానికి ఎక్కాలెందుకు?" అని నవ్వబోయాడు. తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. "నీకు తెలిసి చేశావా ఏంటి," అని మెల్లగా అన్నాడు.

అతను వెళ్లాక ఆమె మళ్లీ మర ముట్టలేదు. పాలసీసా మూత తీసి కాలువలో వంపేసి, నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"ఆడవాళ్ల స్నానాలగది తాళం ఇవ్వు."

మేస్త్రి ఆశ్చర్యంగా చూశాడు. "అందులో అట్టపెట్టెలు పెట్టాం కదత్తా. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదే!"

"చీకటి పడకముందే ఇల్లు చేరాలని పరిగెత్తాం గానీ, అడగలేదు. ఆ గది పెట్టెలకి కట్టారా, మాకు కట్టారా?"

"వచ్చేవారం ఖాళీ చేయిద్దాంలే."

"ఇవాళ ఈ ఒంటితో నేను ఇంటికి పోలేను, బాబూ."

గట్టిగా అనలేదు. ఆమె ఎవరితోనూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. అందుకేనేమో మేస్త్రి తాళం తీసి ఇచ్చాడు. ఆమె ఒక్కతే పెట్టెలు ఈడ్వడం చూసి ఎర్రబాబాయ్ మర ఆపి వచ్చాడు. రంగు గొట్టాలు నింపే ఆడవాళ్లూ వచ్చారు. విషయం విన్నాక తలా ఒక పెట్టె అందుకున్నారు. అందరికీ ఇళ్లలో పిల్లలున్నారు.

కుళాయి కాసేపు దగ్గి నీళ్లు వదిలింది. ఆమె తల మీద నుంచి జారిన నీళ్లు మొదట పాలలా, తర్వాత కుడితిలా, చాలాసేపటికి నీళ్లలా పారాయి. గొట్టాలు నింపే అమ్మాయి తన సంచిలోని ఉతికిన బట్టలు తలుపు సందులోంచి అందించింది. విడిచిన బట్టల్ని ఆమె మూటకట్టి చెత్త పీపాలో పడేసింది.

"రేపట్నుంచి నేను రాను," అంది మేస్త్రితో.

"మరి తెలుపు ఎవరు చూస్తారత్తా?"

"ఎవరు చూసినా, స్నానం చేయకుండా ఇంటికి పంపకు."

ఇల్లు చేరేసరికి గడప దాకా తడిగా ఉంది. కోడలు నేలంతా కడిగి, గోడలు కూడా తుడుస్తోంది. కళ్లు వాచి ఉన్నాయి. పిల్ల ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చింది. ఆమె గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకి ఆనుకుపోయింది. పిల్ల బిత్తరపోయి ఆగింది.

కోడలు తడిగుడ్డ పక్కన పెట్టింది.

"స్నానం చేశారా అత్తయ్యా?"

"చేశానమ్మా."

"తలక్కూడానా?"

"తలక్కూడా."

కోడలు దగ్గరికొచ్చి ఆమె చేతిని ముందుకి లాగి గోళ్లు చూసింది. కుళాయి దగ్గర కూర్చోబెట్టి, జడపిన్నుతో ఒక్కో గోటి కింద తెలుపు తీసింది. నొప్పి పుట్టేలాగే తీసింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. చివరికి కోడలు ఆ చేతుల్ని తన కొంగుతో తుడిచి, పిల్లని తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల ఆమె మెడ వాసన చూసి, నూనె వాసన లేని ఈ నానమ్మ ఎవరా అన్నట్టు కాసేపు దూరం జరిగింది. తర్వాత ఒదిగి పడుకుంది.

పిల్లకి మాటలు తిరిగొచ్చాయి. అన్నీ కాదు, చాలావరకు. ఆమె మణికట్టు మాత్రం మళ్లీ లేవలేదు. ఏళ్ల తరబడి ఎముకల్లో చేరిన సీసాన్ని ఏ మందూ పూర్తిగా దించలేదన్నారు. వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం మనవరాలి పక్కన నడుం వాల్చి, నిద్రలోనే పోయింది. లేపడానికి ప్రయత్నించింది పిల్లే.

పని మానేశాక ఆమె కార్ఖానాకి ఒకే ఒక్కసారి వెళ్లింది. ఒక చిన్న అద్దం, మేకు, సుత్తి పట్టుకుని. వాలిపోయే చేత్తోనే స్నానాలగది గోడకి దాన్ని కొట్టి, "ముఖం అందరూ కడుక్కుంటారే. చెవుల వెనకే ఎవరూ చూసుకోరు," అని ఆడవాళ్లతో చెప్పి వచ్చేసింది. ఆమె పొట్టి మనిషి. తన ఎత్తుకి సరిపోయేలా కొట్టింది. పని దిగిన ఆడవాళ్లు ఇప్పటికీ కొంచెం వంగి, చెవి మడిచి, మెడ పక్కకి తిప్పి చూసుకుంటారు ఆ అద్దంలో.