కొత్త తెరచాప, పాత సముద్రం

నైరీ వైటిరి మా కంపెనీలో చేరింది దీవులు చేయడానికి. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె చేసేవన్నీ కోట్లే అయ్యాయి.

మాది డనీడిన్‌లో, ఓడరేవు వెనక వీధిలో చిన్న కంపెనీ. ఒకప్పటి ఉన్ని గిడ్డంగిలో పై అంతస్తు మాది. మొత్తం పద్నాలుగు మందిమి. ధ్రువం వైపునుంచి చలిని మోసుకొచ్చే దక్షిణపు గాలి మొదలైతే కిటికీలు గడగడలాడుతుంటాయి, ఎవరూ కోటు విప్పరు. మేం నడిపే ఆట ఒక్కటే, ‘ఉప్పుగాలి’. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని అందరూ ఒకే సముద్రంలో పడవలు నడుపుతారు. చేపలు పడతారు, తుపానులో చిక్కుకుంటారు, మునిగిపోతున్నవాణ్ణి తాడేసి లాగుతారు. ఆడటానికి ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. ఆటలోని రేవులో మాత్రం ఒక షాపుంది. అందులో కోట్లు, టోపీలు, రంగుల తెరచాపలు అమ్ముతాం. అవి కొన్నంత మాత్రాన పడవ వేగం పెరగదు, వలలో చేప ఎక్కువ పడదు. చూడ్డానికి బాగుంటాయి, అంతే. ఆ ‘అంతే’ మీదే మా పద్నాలుగు ఇళ్ళూ నడుస్తున్నాయి.

నా పేరు లాక్లన్. ఆఫీసులో లాకీ అంటారు. ఆటగాళ్ళు రాసేవన్నీ చదివి జవాబులివ్వడం నా పని. అందుకే ఈ గొడవ ఎప్పుడు మొదలైందో అందరికన్నా ముందు నాకే తెలుసు.

ప్రతి గురువారం షాపులోకి కొత్త వస్తువొకటి వచ్చేది. కోటు చేయడానికి నైరీకి నాలుగు రోజులు చాలు. దీవి చేయాలంటే ఎనిమిది మంది ఆరునెలలు కూర్చోవాలి, అంతా అయ్యాక అది జనానికి నచ్చుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. మా యజమాని ఫెర్గస్ చెడ్డవాడు కాదు. మోస్గిల్‌లో తల్లి కారు షెడ్డులో ఈ ఆట మొదలుపెట్టినవాడు. కానీ పద్నాలుగు మంది తన మీద ఆధారపడ్డాక భయం పట్టుకుంది. ఏది ఖాయంగా అమ్ముడవుతుందో అదే చేయించేవాడు. అలా సముద్రంలో ఆరేళ్ళ కిందటి తొమ్మిది దీవులు తొమ్మిదిగానే ఉండిపోయాయి.

నైరీ రివర్టన్‌లో తాత పడవ మీద పెరిగిన మనిషి. చేరిన కొత్తలో ఆమె ఒక జలసంధి గీసింది. అటూ ఇటూ కొండలు, మధ్యలో ఇరుకు నీళ్ళు, ఆ నీళ్ళకి నిజమైన ఆటుపోట్లు. సగం అయ్యాక దాన్ని పక్కన పెట్టించారు. ఆమె గొడవ చేయలేదు. ఇచ్చిన పని చేసుకుపోయింది, బాగానే చేసింది కూడా.

మే నెలలో వెండి బొత్తాల పచ్చకోటు ఒకటి షాపులోకి వచ్చింది. ఆ రోజు వచ్చిన ఉత్తరాలు అంతకుముందు వాటిలా లేవు. ఆట చచ్చిపోతుంటే దానికి అలంకారాలు చేస్తున్నారని ఒకరు రాశారు. ఈ కోట్లు గీసేవాళ్ళకి సిగ్గుండాలని ఇంకొకరు. మరికొన్ని మాటలు ఇక్కడ రాయలేను. నైరీ కంటపడకుండా వాటిని దాచాను. ఆమె తనంతట తానే వెతుక్కుని చదివింది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి చీజ్ రోల్ పట్టుకొచ్చి కూర్చుంది. తిట్టింది ఎవరని అడగలేదు.

“వీళ్ళు రాసినదాంట్లో తప్పేముంది లాకీ?” అంది.



ఆ శనివారం ఆటగాళ్ళు సమ్మె చేశారు. కొన్నవన్నీ విప్పేసి, మొదటిరోజు ఊరికే ఇచ్చే బూడిదరంగు చొక్కాతో వచ్చి రేవులో కూర్చోవాలని, ఎవరూ వల వేయకూడదని వాళ్ళలో వాళ్ళు కబురు పెట్టుకున్నారు. విషయం తెలిసి మధ్యాహ్నం నేను ఆఫీసుకి పరిగెత్తాను. అప్పటికే నైరీ అక్కడుంది. తెర మీద రేవు కనబడుతోంది. వంతెన పొడుగునా, మెట్ల మీద, తిరగేసిన పడవల మీద వేలమంది బూడిదరంగు మనుషులు కదలకుండా కూర్చున్నారు. ఆమె రెండేళ్ళపాటు చేసిన ఒక్క కోటు కూడా అందులో లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె తన సొంత పేరు కాని పేరుతో ఆటలోకి వెళ్ళి, తనూ బూడిద చొక్కా తొడుక్కుని వాళ్ళ మధ్య కూర్చుంది.

పక్కనున్నవాడు పలకరించాడు. ఆటలో మనిషి దగ్గరికెళితే గొంతు వినబడుతుంది. అతని పేరు ఫెలెతి. ఒమారూలో మాంసం ఫ్యాక్టరీలో పని, సొంత ఊరు టోంగాలో. తమ్ముడు అక్కడే ఉన్నాడు, అక్క కుటుంబం ఆక్లాండ్‌లో. ప్రతి శనివారం అందరూ ఒకే పడవ ఎక్కుతారట. కుటుంబం కలుసుకునే చోటు అదే.

“నువ్వూ మానేశావా చెల్లీ?” అన్నాడు.

మానేశానని చెప్పి, ఆ కోట్లంటే అంత కోపమా అని అడిగింది నైరీ.

“కోట్ల మీద కోపమెందుకు? నా దగ్గరే పదకొండున్నాయి. ఆ నీలం వానకోటు లేదూ, మా తమ్ముడు దాన్ని చర్చికి వేసుకెళ్ళే బట్టలా జాగ్రత్త చేసుకుంటాడు. ఎవరు చేశారో గాని మంచి చెయ్యి. అది కాదు నా బాధ. వేసుకుని ఎక్కడికి వెళ్ళాలి? ఈ తొమ్మిది దీవుల్లో ప్రతి రాయీ నాకు తెలుసు. ఇదివరకు దారి తప్పేవాళ్ళం. నీవల్లంటే నీవల్లని తిట్టుకునేవాళ్ళం, పడీపడీ నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఒకళ్ళ బట్టలొకళ్ళం చూసుకుని, బాగుందని చెప్పి ఇళ్ళకి పోతున్నాం. మాట్లాడుకోవడానికి మాటలే అయిపోతున్నాయి చెల్లీ. పోయినవారం మా తమ్ముడు రానేలేదు.”

వెనకనుంచి ఆ తమ్ముడి గొంతు వినబడింది. “మా అన్న దారి తప్పడానికి కొత్త దీవి ఎందుకు, సొంత వీధిలోనే తప్పిపోతాడు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నైరీ మైకు దగ్గరికి జరిగింది. తనెవరో చెప్పొద్దని నేను చేత్తో సైగ చేస్తూనే ఉన్నాను.

“ఆ నీలం కోటు నేనే చేశాను,” అంది.

 తిట్లు మొదలవుతాయనుకున్నాను.

“అయితే నీక్కూడా విసుగొచ్చిందన్నమాట,” అన్నాడు ఫెలెతి మెల్లగా.

ఆ సాయంత్రం వరకూ ఆమె అక్కడే కూర్చుని వాళ్ళు చెప్పేవి వింది. ఏ మాటా ఇవ్వలేదు. మాట ఇవ్వడం తన చేతిలో లేదని చెప్పింది.

సోమవారం పొద్దున ఫెర్గస్ మొహం పాలిపోయి వచ్చాడు. శనివారం షాపులో ఏమీ అమ్ముడు కాలేదు. ఇలాంటి శనివారాలు ఇంకో నాలుగొస్తే ఏం చేయాలో తెలియడం లేదన్నాడు. కోపం తగ్గించడానికి అందరికీ ఊరికే ఒక కోటు ఇద్దామని అతని ఆలోచన.

“ఇంకో కోటా ఫెర్గస్?” అంది నైరీ. గొంతు పెంచలేదు. తర్వాత, మూలపడ్డ జలసంధి గురించి చెప్పింది. కొత్త చేపలక్కర్లేదు, కొత్త కథ అక్కర్లేదు, నీళ్ళూ కొండలూ ఆటుపోట్లూ చాలు. ముగ్గురు మనుషుల్ని, ఎనిమిది వారాలు ఇమ్మంది. షాపు మూయొద్దు, కానీ కోటు వారానికొకటి కాక మూడు వారాలకొకటి చేస్తానంది.

ఎనిమిది వారాల్లో కాకపోతే ఏమిటని ఫెర్గస్ అడిగాడు.

“కాకపోతే కాలేదని వాళ్ళకే చెబుదాం. లాకీ రాస్తాడు. వాళ్ళేం చిన్నపిల్లలు కాదు.”

ఫెర్గస్ లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. “నేను మన ఆట ఆడి ఏడాది దాటింది,” అన్నాడు. “లెక్కలు చూస్తున్నాను గాని ఆడటం లేదు. ఆడాలనిపించలేదు.” ఆ మాట అతనికి కూడా అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత ఒప్పుకున్నాడు.

ఆటగాళ్ళకి ఈ సంగతంతా ఉత్తరం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. క్షమించమని బతిమాలలేదు, గొప్పలూ పోలేదు. కోటుకి ఎన్ని రోజులు పడుతుందో, దీవికి ఎన్ని నెలలో, షాపు లేకపోతే ఆట ఎందుకు నడవదో, జలసంధి ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో ఉన్నదున్నట్టు రాశాను. సగం మట్టిముద్దలా ఉన్న కొండల బొమ్మ కూడా జతచేశాను. చాలామంది నమ్మలేదు. ఇంకో ఎత్తు వేశారన్నారు. కొందరు మాత్రం ఈ లెక్క మాకు మొదటే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఎనిమిది వారాలు పదకొండయ్యాయి. ప్రతి శుక్రవారం ఎంత పనయిందో, ఏది చెడిందో రాసేవాణ్ణి. ఒకసారి నీళ్ళు కొండెక్కి కూర్చున్నాయి. ఆ బొమ్మ కూడా పంపాను. అమ్మకాలు తగ్గాయి. మా వైపు చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా; అదంతా ఒక్క గదిలోనే హీటర్ వేసుకుని అందరం అక్కడే పనిచేశాం. ఆటకి శబ్దాలు కూర్చే టామ్సిన్ ఇక ఆగలేనని వెల్లింగ్టన్‌లో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు జలసంధిలో గాలి హోరు మాత్రం పూర్తిచేసి ఇచ్చింది. నైరీ పొద్దున అందరికన్నా ముందు వచ్చేది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె పనిచేస్తూ తనలో తాను పాడుకోవడం విన్నాను.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున జలసంధి తెరిచాం. మొదటి గంటంతా ఫిర్యాదులే. ఒక బండలోంచి పడవలు దూసుకుపోతున్నాయన్నారు, చేపల్లేవన్నారు, చీకటిగా ఉందన్నారు. అంతలో పోటు తీసింది. నీళ్ళు వెనక్కిపోయి మధ్యలో ఇసుకదిబ్బ బయటపడింది. నలభై పడవలు దానిమీద ఇరుక్కుపోయాయి. అందులో ఫెలెతి పడవ ఒకటి. తమ్ముడు వద్దంటున్నా వినకుండా అతనే అటు తిప్పాడట. అన్నదమ్ములు తిట్టుకుంటుంటే అక్క మధ్యలో ఇద్దర్నీ కలిపి తిట్టింది. నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఎవరూ ఎక్కడికీ కదల్లేరు. ఆ ఇరవై నిమిషాల్లో ఒకరికొకరు తెలియని నలభై పడవలవాళ్ళు దిబ్బ మీదకి దిగి, ఎవరు ఎక్కడివాళ్ళో అడిగి తెలుసుకున్నారు. మళ్ళీ ఎప్పుడు పోటు తీస్తుందో లెక్కలు కట్టారు.

ఆ దిబ్బ చూశాక నైరీకి బురద బూట్లు చేయాలనిపించింది. మోకాళ్ళదాకా, మాసిపోయినట్టుండే బూట్లు. షాపులో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయినవి అవే. ఈసారి వాటిని ఎవరూ తిట్టలేదు. నవ్వుతూ కొన్నారు. అమ్మకాలు పాత స్థాయికి రాలేదు గాని, రెండో గదిలో హీటర్ వేసుకున్నాం.

మూడో వారం ఇంకో విషయం జరిగింది. నీళ్ళు బాగా తీసినప్పుడు, పడవలో ఉన్నదంతా బయటికి విసిరేసి తేలిక చేస్తే, అది దిబ్బ మీదుగా జారి అవతల కొండవెనక ఉన్న నీటి గుంటలో పడుతుందని ఎవరో కనిపెట్టారు. మేం అనుకోనిది అది. మధ్యాహ్నానికి అందరూ పందేలు వేసుకుని జారుతున్నారు. ఆ సందు వెంటనే మూసేయాలని మా ప్రోగ్రామర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫెర్గస్ అప్పటికి గంటనుంచి అక్కడే జారుతున్నాడు. మూసేస్తే నిన్ను కూడా అవతల పెట్టి మూసేస్తానన్నాడు.

గుంట వెనక మేమేమీ చేయలేదు. ఎవరూ రారనుకున్న చోటది. ఒక చదునైన గోడ నిలబెట్టి వదిలేశాం, అంతే. ఆటగాళ్ళు ఆ గోడ దాకా వెళ్ళి, పడవలు ఆపి, అవతల ఏముందో ఊహిస్తూ కూర్చున్నారు. సముద్రమని కొందరు, పదో దీవి అని కొందరు. తన ఊరి వీధి అయ్యుంటుందని ఫెలెతి అన్నాడు.

సోమవారం పొద్దున నైరీ వచ్చి, టీ కప్పు పక్కన పెట్టి, అవతల ఇంకా నీళ్ళు గీయడానికి ఆ గోడ తీసేసింది.